బటన్ బ్రేకూ, పోలయ్య మావ తుమ్మచెక్కా

కళింగపట్నం బీచికి దిగే రోడ్డు చివర, ఎండుచేపల వాసన మొదలయ్యే చోట కారు ఆపాను. గేరు రాడ్డు వెనకాల అగ్గిపెట్టెంత బటన్ ఒకటుంది. దాన్ని వేలితో పైకి ఎత్తగానే వెనక చక్రాల దగ్గరెక్కడో గుర్‌ర్‌మని సన్నటి చప్పుడు వచ్చి, రెండు క్షణాల్లో ఆగిపోయింది. మిక్సీలో పచ్చడి అయిపోయాక ఆఖరుసారి ఓ తిప్పు తిప్పినట్టుంటుంది. అంటే బ్రేకు పడిందన్నమాట. చేత్తో లాగే హ్యాండ్ బ్రేకు ఈ కారులో లేదు. ఈ మధ్య ఇంటిల్లిపాదీ తిరిగే కార్లలో చాలావాటికి ఇదే వస్తోంది. ఆ చప్పుడు విన్న ప్రతిసారీ నా చెవిలో ఇంకో చప్పుడు మోగుతుంది. టిక్, టిక్, టిక్. మూడే. దాని వెనకే బీడీలతో బొంగురుపోయిన ఒక గొంతు వినిపిస్తుంది: "దిగినావు కదాని ఎల్లిపోకమ్మీ. పది లెక్కెట్టు." పక్క సీట్లో ఉన్న మా అత్తగారు సీటు బెల్టు విప్పలేదు. ఆవిడకీ ఆ గొంతు వినిపించే ఉంటుంది.

ఆ గొంతు పోలయ్య మావది. ఆయన మాకు చుట్టం కాదు. కోటబొమ్మాళిలో సగం మందికి ఆయన మావ, మిగతా సగం మందికి బావ. ముప్పై ఏళ్లు లారీలూ జీపులూ తోలి, వయసు మీదపడ్డాక ఒక పాత తెల్లకారు కొనుక్కుని, ఊళ్లో వాళ్లకి డ్రైవింగు నేర్పేవాడు. బోర్డు లేదు, ఆఫీసు లేదు. రైసు మిల్లు వెనక ధాన్యం ఎండబోసే కళ్లమే ఆయన బడి. నేను హైస్కూల్లో భౌతికశాస్త్రం చెప్పే టీచర్ని. మా ఆయనది కిరాణా కొట్టు. ఆయన కారులో పక్క సీట్లో కూర్చుని, కాళ్ల కింద లేని బ్రేకును దారి పొడుగునా తొక్కే రకం మనిషి. ఇంట్లో ఎవరో ఒకరు డ్రైవింగు నేర్చుకోకపోతే కుదరదని తేలాక, ఆ ఒకరు నేనయ్యాను.

మొదటి వారం రోజులూ మావ నాచేత ఇంజను స్టార్టు చేయించలేదు. హ్యాండ్ బ్రేకు లాగడం, వదలడం, మళ్లీ లాగడం, అంతే. కళ్లం మీద ధాన్యం తిరగేసే ఆడవాళ్లు నన్ను చూసి నవ్వుకునేవారు. "మావా, నేను కారు నేర్చుకోడానికొచ్చాను, బ్రేకు నేర్చుకోడానికి కాదు," అన్నాను ఒకరోజు ఉక్రోషంగా. ఆయన బీడీ పక్కకు తీసి, "బండి తోలడానికేటుందమ్మీ, ఎవుడైనా తోలతాడు. ఆపీసినాక అది ఆగిందా నేదా సూసుకున్నోడే డ్రైవరు," అన్నాడు. "మూడు టిక్కులు ఇనబడాల. రెండైతే నీకు బద్దకం. నాలుగైతే కేబులు సాగిపోనాదని లెక్క. సెయ్యికి తెలస్తాది, సెవికి తెలస్తాది. కళ్లు మూసుకున్నా తెలస్తాది."

బ్రేకు మూడు టిక్కులు పడ్డాక కూడా ఆయనకి నమ్మకం ఉండేది కాదు. వాలులో ఆపితే బండిని మొదటి గేరులో వదలాలి. తర్వాత కిందికి దిగి, డిక్కీలోంచి తుమ్మచెక్క తీసి చక్రం కింద పెట్టాలి. ముక్కోణంగా చెక్కిన తుమ్మ మొద్దు అది. టైర్లు రాసుకుని రాసుకుని నల్లగా తేలింది, పట్టుకోవడానికి కొబ్బరితాడు కట్టి ఉండేది. చెక్క పెట్టాక అసలు తతంగం మొదలు. బానెట్టు మీద అరచెయ్యి ఆనించి, పది అంకెలు లెక్కపెట్టాలి. కదలకపోతే అప్పుడు వెళ్లాలి. "గేదెని గుంజకి కట్టినోడు తాడు ఓపాలి లాగి సూస్తాడా నేదా? మరి గేదె కంటే కారు బరువు కాదేటి?" అనేవాడు.

గేదె మాట వింటే నాకు రోషం వచ్చేది. నతతలం అనే వాలుతలం గురించీ ఘర్షణ గురించీ తొమ్మిదో తరగతి పిల్లలకి ఏటా చెబుతున్న మనిషిని. కానీ ఆయన దగ్గర నేర్చుకున్న ప్రతి ఒక్కరికీ ఆ పది అంకెలూ అంటుకున్నాయి, నాకూ అంటుకున్నాయి. పాత కారు కొన్న కొత్తలో సంతలో దిగి, బానెట్టు మీద చెయ్యి పెట్టి పెదవులు కదుపుతూ నిలబడితే, మా స్కూలు పిల్లాడి తల్లి ఒకావిడ నా దగ్గరికొచ్చి, "టీచరమ్మగోరూ, ఆ మంత్రమేటో నాకూ సెప్పండి, మా ఆటో తరసూ రిపేరుకొస్తంది," అంది. అంకెలని చెబితే నమ్మలేదు. దాచుకుంటున్నాననుకుని మూతి ముడుచుకుని వెళ్లిపోయింది.

పోలయ్య మావకి ఎడమకాలు కుంటి. అది ఎలా వచ్చిందని అడిగినవాళ్లకి అడిగినట్టు ఒక్కో కథ చెప్పేవాడు. నాతో సీతంపేట కొండల్లో ఎలుగుబంటి పట్టుకుందని చెప్పాడు. మిల్లు గుమస్తాతో కొబ్బరిచెట్టు మీంచి పడ్డానన్నాడు. మా ఆయనతో కుర్రతనంలో బంతాట ఆడేటప్పుడు విరిగిందన్నాడు. మేం ముగ్గురం ఒకరోజు మా కొట్టు దగ్గర కలిసి ఆయన్నే నిలదీశాం. ఆయన ఏమాత్రం తడబడకుండా, "మూడూ నిజవేరా. కాలు ఒకటే అయితే కష్టాలు మూడుండకూడదేటి?" అని బెల్లం ముక్క ఒకటి నోట్లో వేసుకుని వెళ్లిపోయాడు.

నాలుగేళ్ల కిందట మేం కొత్త కారు కొన్నాం. చూడ్డానికి శ్రీకాకుళం షోరూముకి వెళ్తూ పోలయ్య మావని కూడా తీసుకెళ్లాను. పెళ్లిచూపులకి పెద్దమనిషిని తీసుకెళ్లినట్టు. ఆయన ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చి, షోరూములో కారు చుట్టూ మూడుసార్లు తిరిగి, లోపల కూర్చుని, ఎడమచెయ్యి కిందికి దించి గాలిలో తడిమాడు. చేతికి ఏమీ తగల్లేదు. "హేండు బ్రేకేదిరా?" అన్నాడు. సేల్స్ అబ్బాయి టై సర్దుకుంటూ, "ఎలక్ట్రానిక్ పార్కింగ్ బ్రేక్ సార్. ఇదిగో, ఈ బటన్. ఒక్క వేలు చాలు," అన్నాడు. మావ ఆ బటన్‌ని చూసి నా వైపు చూశాడు. పెళ్లికొడుకు మీసాలు లేకుండా వచ్చాడన్నట్టు చూశాడు.

ఆ తర్వాత అరగంట సేపు ఆయన అడిగిన ప్రశ్నలకి నేను సిగ్గుతో చచ్చిపోయాను. బ్యాటరీ దిగిపోతే ఇది పడతాదా? పడిపోయున్నది వదుల్తాదా? బండి దొర్లతంటే ఈ బటన్‌తో ఆపగలమా? ఇంట్లో పిల్లగుంటలు ఆడుకుంటా నొక్కీసినారనుకో? ఆ అబ్బాయి కొన్నిటికి జవాబు చెప్పాడు, కొన్నిటికి నవ్వాడు, కొన్నిటికి మేనేజర్ని అడిగి వస్తానని వెళ్లి కాఫీ పంపించాడు. ఆఖరికి మావ, "నొక్కితే పడతాదా, ఎత్తితే పడతాదా?" అన్నాడు. "ఎత్తితే పడుతుంది సార్. కాలు బ్రేకు మీద ఉంచి నొక్కితే వదులుతుంది." "గాబరాలో ఉన్నోడు ఏటి సేస్తాడు బాబూ? బటన్ కనబడితే నొక్కుతాడు." అబ్బాయి ఓపిగ్గా, "అలా నొక్కినా డ్యాష్‌బోర్డులో ఎర్రలైటు ఆరిపోతుంది సార్, తెలిసిపోతుంది. డోరు తీస్తే బీప్ అని కూడా వస్తుంది," అన్నాడు. "అయితే ఇకమీదట సెయ్యికి తెలీదన్నమాట. కళ్లకే తెలియాల," అని మావ దిగిపోయాడు. దిగి, పది లెక్కపెట్టాడు. షోరూములో, నున్నటి చదును నేల మీద.

తిరుగు ప్రయాణంలో నేనాయనతో మాట్లాడలేదు. పాతకాలం మనిషి, కొత్తదంటే ఏడుపు అనుకున్నాను. ఇంకా నిజం చెప్పాలంటే, చక్రం కింద చెక్క పెట్టే ఆ బతుకు నుంచి బయటపడాలనే నేను ఆ కారు మీద మనసు పడ్డాను. మా తోటి టీచర్లు కార్లు ఆపి, తాళం నొక్కి, జుట్టు సవరించుకుని వెనక్కి చూడకుండా వెళ్లిపోతుంటే, నేనొక్కదాన్నే డిక్కీలోంచి మొద్దు తీసుకుని వంగుతుండేదాన్ని. కారు ఇంటికొచ్చిన రోజున మా అత్తగారు డిక్కీ తెరిపించి, మావ నాకిచ్చిన, పాత కారులోంచి నేను మార్చిన చెక్కని చూసి, "కొత్త కారులో కట్టెలేటే? దారిలో ఆగి వంట సేసుకుంటావేటి?" అన్నారు. నేను వెంటనే దాన్ని తీసి మావకి తిరిగిచ్చేశాను. "రేపు వాహన పూజకి నువ్వు తప్పకుండా రావాలి మావా. ఆ చెక్క మాత్రం తేకు. మా అత్తగారికి ఇష్టం లేదు," అన్నాను. ఇష్టం లేనిది నాకేనని ఆయనకి తెలుసు. చెక్క తాడు సవరిస్తూ, "సరేలెమ్మీ," అన్నాడు. ఆ 'సరేలెమ్మీ' ఇప్పటికీ నాకు గుచ్చుకుంటుంది.

మర్నాడు శ్రీముఖలింగంలో దర్శనం చేసుకుని, వచ్చే దారిలో వంశధార గట్టు మీదున్న చిన్న అమ్మవారి గుడి దగ్గర ఆగాం. అది మా అత్తవారి ఇలవేల్పు. గుడి ముందు నుంచి రోడ్డు ఏటవాలుగా రేవులోకి, అక్కడి నుంచి నేరుగా నీళ్లలోకి దిగుతుంది. కారుని రేవు వైపు తిప్పి ఆపాను. బటన్ ఎత్తాను, గుర్‌ర్‌మంది, ఎర్రలైటు వెలిగింది. అన్నీ సవ్యంగానే ఉన్నాయి. పోలయ్య మావ పెద్ద గుడ్డసంచితో దిగాడు. పైన ఒక కొబ్బరికాయ పీచు కనబడుతోంది. "అన్ని కొబ్బరికాయలెందుకు మావా?" అన్నాను. "మొక్కు," అన్నాడు.

మా వైపు వాహన పూజంటే తెలిసిందే. స్టీరింగుకి బంతిపూల దండ, అద్దానికి పసుపు, ముందు చక్రాల ముందు రెండేసి నిమ్మకాయలు. కొబ్బరికాయ కొట్టి, హారతి ఇచ్చాక, యజమాని ఆ నిమ్మకాయల మీంచి కారు నడిపించాలి. దిష్టి పోతుంది. మా అత్తగారు మోకాళ్ల నొప్పులని ముందు సీట్లోంచి దిగలేదు. ఆవిడ కోసం ఏసీ వేసి, ఇంజను ఆపకుండా ఉంచాను. గేరు న్యూట్రల్లో ఉంది. నేను డ్రైవరు సీట్లో పూజ ముగిసే ఘడియ కోసం ఎదురుచూస్తూ, అలవాటు కొద్దీ బ్రేకు పెడల్ మీద కాలు పెట్టుకుని కూర్చున్నాను. పూజారిగారు బయట బానెట్టుకి బొట్లు పెడుతుంటే, లోపల ఎవరూ పెట్టలేదని మా అత్తగారికి వెలితిగా తోచింది. కుంకుమ భరిణె తీసి స్టీరింగుకి ఒక బొట్టు, గేరు రాడ్డుకి ఒక బొట్టు, కనబడిన ప్రతి మీటకీ తలా ఒక బొట్టు పెట్టారు. గేరు వెనకాల ఉన్న చిన్న బటన్‌ని కూడా వదల్లేదు. భక్తి కొద్దీ బొటనవేలితో గట్టిగా అదిమి మరీ పెట్టారు.

అప్పుడు గుర్‌ర్‌మందో లేదో నాకు తెలీదు. బయట డప్పులు మోగుతున్నాయి. ఎర్రలైటు ఆరిందేమో కూడా తెలీదు. దాని మీద బంతిపూల దండ పడుంది. "అమ్మా, ముందు దిగి హారతి తీసుకోండి, తర్వాత నిమ్మకాయలు తొక్కిద్దురు," అన్నారు పూజారిగారు. పెడల్ మీంచి కాలు తీసి దిగాను. కారు కదల్లేదు. నతతలం గురించి ఇన్నేళ్లుగా పాఠం చెబుతున్న నాకు ఆ క్షణంలో తట్టని సంగతేమిటంటే, టన్నుకి పైగా బరువున్న ఆ కారుని అప్పుడు ఆపుతున్నది నాలుగు నిమ్మకాయలు. డోరు తీసినప్పుడు బీప్ బీప్‌మని అరిచే ఉంటుంది. డప్పుల ముందు దాని గొంతెంత?

నేను పది లెక్కపెట్టలేదు. కొత్త కారు కదా. హారతి పళ్లెం మీద చేతులు చాచి కళ్లకద్దుకుంటుండగా వెనక 'పచ్' అని వినబడింది. ఆ తర్వాత ఇంకో 'పచ్'. తిరిగి చూస్తే, నా కారు దానంతట అదే నిమ్మకాయలు తొక్కుకుంటూ నెమ్మదిగా, ఎంతో హుందాగా రేవులోకి బయల్దేరింది. గుడి దగ్గర చేరిన జనం చేతులు జోడించారు. "ఓలమ్మ, అమ్మోరే నడిపించుకుంటన్నాది!" అని ఎవరో అన్నారు. డప్పులవాళ్లు దరువు పెంచారు. మా ఆయన కూడా దణ్ణం పెట్టాడు. లోపల మా అత్తగారు, నేను దిగిపోయిన సంగతి తెలియక, నేనే నడుపుతున్నాననుకుని కళ్లు మూసుకుని జపం చేసుకుంటున్నారు. చెయ్యి చాచాను, డోరు అందలేదు. ముందర వాలు, వాలు చివర వంశధార.

హారతికి రాకుండా ముందు చక్రం పక్కనే నిలబడ్డ మనిషి ఒక్కడే. ఆయన సంచిలోంచి కొబ్బరికాయ దొర్లిపడింది. దాని కింద ఇంక కొబ్బరికాయల్లేవు. తుమ్మచెక్క ఉంది. కుంటికాలు ఈడ్చుకుంటూ కారుతోపాటు నాలుగడుగులు పరిగెత్తి, వంగి, చక్రం ముందుకి దాన్ని విసిరేశాడు. చక్రం చెక్క మీదికి సగం ఎక్కి, ఒక్క క్షణం ఆలోచించుకుని, మళ్లీ వెనక్కి దిగి ఆగిపోయింది. డప్పులు ఆగిపోయాయి. అప్పుడు మాత్రం నిశ్శబ్దంలో బీప్ బీప్‌మని కారు అరవడం అందరికీ వినబడింది. మావ మోకాళ్ల మీద కూలబడి, బానెట్టు మీద అరచెయ్యి ఆనించి, రొప్పుతూ నా వైపు చూశాడు. "ఏడు కాడ కదిలినాదమ్మీ," అన్నాడు. నేను మానేసిన లెక్క ఆయన చక్రం పక్కన నిలబడి పెట్టాడన్నమాట.

నేను పరిగెత్తుకెళ్లి లోపల బటన్ ఎత్తాను. గుర్‌ర్‌మంది. మా అత్తగారు కళ్లు తెరిచి, అద్దం దించి, "ఏటిది పోలయ్యా, నిమ్మకాయలు తొక్కించీసినాక అడ్డెడతావేటి? అపశకునం కాదా!" అన్నారు. తర్వాత ముందుకి చూశారు. కారుకీ నీళ్లకీ మధ్య ఉన్న జాగాలో ఒక చీర ఆరేయొచ్చు, అంతే. ఆవిడ తన బొటనవేలి వైపు చూసుకున్నారు. బొట్టు పెట్టిన బటన్ వైపు చూశారు. కొంగుతో వేలు తుడుచుకున్నారు. బటన్ మీద బొట్టు పెట్టిందెవరని ఆ రోజూ ఎవరూ అడగలేదు, ఈ నాలుగేళ్లలోనూ ఎవరూ అడగలేదు. అడగాల్సిన అవసరమూ లేదు. తప్పు నాది. దిగింది నేను, లైటు చూడనిది నేను, లెక్కపెట్టనిది నేను.

గుడి పక్క టీ కొట్టు బల్ల మీద కూర్చున్నాక నాకు ఏడుపొచ్చింది. మావ తిడతాడని ఎదురుచూశాను. తిడితే బావుండనిపించింది. ఆయన బీడీ వెలిగించుకుని, ఎడమకాలు బల్ల మీద చాపి, మడమ దగ్గర వంకరగా అతుక్కున్న ఎముక చూపించాడు. "ఎలుగ్గొడ్డూ నేదు, కొబ్బరిసెట్టూ నేదమ్మీ," అన్నాడు. "కుర్రోడప్పుడు సీతంపేట గాటీలో జీపు ఆపినాను. బీడీ కోసం దిగినాను. బ్రేకు ఒక్క టిక్కే లాగినాను. మాయావిడ లోపల కూకుని జీడిపిక్కలు ఒలస్తన్నాది. జీపు కదిలిపోనాది. కింద లోయ. సేతిలో సెక్క నేదు, సుట్టుపక్కల రాయి నేదు. కాలున్నాది. సక్రం కింద ఎట్టీసినాను."

ఆయన నవ్వాడు. "అది దిగొచ్చి, ఎందుకలా అరస్తన్నావు, పిక్కలన్నీ ఒలికిపోనాయి అని నన్నే తిట్టినాది." "మరి ఇన్నాళ్లూ ఆ అబద్ధాలెందుకు మావా?" అన్నాను ముక్కు తుడుచుకుంటూ. "బాగున్నాది! డ్రైవింగు నేర్పే మాస్టారు కాలు మీదికి ఆడి బండే ఎక్కిందంటే నా కాడికి ఎవలొస్తారు?" అన్నాడు. తర్వాత గొంతు తగ్గించి, "సిగ్గమ్మీ. నలబై ఏళ్లైనా సిగ్గు పోలేదు. నీకు ఈ రోజు పడ్డ సిగ్గూ పోదు. పోనియ్యకు. అదే పనికొస్తాది," అన్నాడు.

ఇదంతా చదివి, మీరు ఆయన బటన్‌ని కారులోంచి పీకించేశాడనుకుంటారేమో. అలాంటిదేమీ జరగలేదు. మర్నాడు సాయంత్రం మా ఇంటికొచ్చి, కారుతో ఇచ్చిన పుస్తకం తీసి చదివి వినిపించమన్నాడు. నాలుగు వేళ్ల మందం ఇంగ్లీషు పుస్తకం అది. మూడు సాయంత్రాలు నేను ఒక్కో పేజీ తెలుగులో చెబుతుంటే, ఆయన మా అరుగు మీద కూర్చుని 'ఊఁ' కొట్టాడు. ఇంజను ఆపితే బ్రేకు దానంతటదే పడుతుందనీ, ఏసీ కోసం మేం ఆపకపోవడమే ముప్పు తెచ్చిందనీ అప్పుడే నాకు తెలిసింది. బ్యాటరీ పూర్తిగా దిగిపోతే పడిన బ్రేకు వదలదనీ, అప్పుడేం చేయాలో కూడా అందులో రాసి ఉంది. కాలి బ్రేకు పనిచేయనప్పుడు ఈ బటన్‌ని ఎత్తి పట్టుకుంటే నడుస్తున్న బండి కూడా ఆగుతుందన్న పేజీ దగ్గర ఆయన లేచి నిలబడ్డాడు. "ఎంత మంచి సంగతిది! మరి ఆ టై కుర్రోడు సెప్పలేదేటి? ఇంత రాసి, ఎవులూ సదవకుండా కారులో దాసీమంటారేటి?" మర్నాడు మిల్లు కళ్లం మీద, నడక కంటే కొంచెం వేగంగా, నాచేత దాన్ని పరీక్ష చేయించాడు. కారు ఆగింది. పక్క సీట్లో ఉన్న మా ఆయన తొక్కిన బ్రేకు వల్ల కాదు, బటన్ వల్లే ఆగింది.

అప్పటి నుంచి ఆయన పాఠంలో మూడు టిక్కులు పోయి, ఎర్రలైటు వచ్చింది. "లైటు సూడు. గేరెయ్యి. ఇంజనాపు. దిగు. పది లెక్కెట్టు," అని కొత్తగా వచ్చిన వాళ్లందరిచేతా వల్లె వేయించేవాడు. బటన్ మంచిదా పాత బ్రేకు మంచిదా అని ఎవరైనా అడిగితే, "రెండూ మంచివేరా. మనవే మంచోలం కాదు," అనేవాడు. ఆయన్ని పాతకాలం మనిషని అనుకున్నందుకు నేను క్షమాపణ అడగలేదు. అడగడానికి చాలా సాయంత్రాలున్నాయనుకున్నాను. కిందటి వానాకాలంలో జ్వరమని పడుకుని, నాలుగు రోజుల్లో పోయాడు. కొన్ని మాటలు సమయానికి చెప్పాలని నాకు తెలుసు. అయినా చెప్పలేదు. అది నా బాధ.

పదకొండో రోజు భోజనాలయ్యాక ఆయన కొడుకు ఒక గుడ్డసంచి తెచ్చి నా చేతిలో పెట్టాడు. "అయ్య ఇది టీచరమ్మకియ్యమన్నాడు." తాడు కొత్తది కట్టించి ఉంది. ఇంటికి తెచ్చాను. మా అత్తగారు ఏమంటారో అనుకుంటూ డిక్కీ తెరిచాను. ఆవిడ మోకాళ్లు పట్టుకుంటూ గుమ్మం దిగి వచ్చి, నా చేతిలోంచి చెక్క తీసుకుని, కొంగుతో దాని మీది దుమ్ము తుడిచారు. లోపలికెళ్లి కుంకుమ భరిణె తెచ్చారు. బొటనవేలితో కాదు, ఉంగరం వేలితో, తగిలీ తగలనట్టు, దాని నెత్తిన ఒక బొట్టు పెట్టారు. "డిక్కీలో పడీకు. నా కాళ్ల కాడ పెట్టు," అన్నారు. అప్పటి నుంచి అది ఆవిడ కాళ్ల దగ్గరే ఉంటోంది.

ఇప్పుడు కళింగపట్నంలో, సముద్రం వైపు వాలిన రోడ్డు మీద, ఎర్రలైటు చూశాను. గేరు వేశాను. ఇంజను ఆపాను. మా అత్తగారు నా చేతికి తుమ్మచెక్క అందించారు. దిగి ముందు చక్రం కింద పెట్టి, ఎండకి కాలుతున్న బానెట్టు మీద అరచెయ్యి ఆనించాను. చేపలు ఎండబెడుతున్న ఆడవాళ్లు వింతగా చూస్తున్నారు. చూడనీ. మావ పోయినప్పటి నుంచి లెక్క నాది కాదు, ఆవిడది. అద్దం దించుకుని, పైకే, బీచి అంతా వినబడేలా మొదలుపెడతారు. ఒకటి, రెండు, మూడు. ఆరు దాకా గబగబా వచ్చేస్తారు. ఏడు దగ్గర ఆగుతారు. బొటనవేలిని పిడికిట్లో దాచుకుని, నా కళ్లలోకి చూసి, "పోలయ్యా," అంటారు. ఆ తర్వాతే ఎనిమిది.